నీళ్లు పట్టని స్తంభాలు

యార్డు గేటు దగ్గర ఒక ఆడమనిషిని వాచ్‌మన్ రెక్క పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చుకుపోతుంటే ఇక్బాల్ బీ చేతిలో నీళ్ల పైపుతో నిలబడి చూసింది.

ఆ వచ్చినామెకు యాభై ఏళ్లుంటాయి. వెంట ఇద్దరు మగవాళ్లున్నారు. ముగ్గురూ ఉప్పుగాలికి, ఎండకు తోలు ముదిరిపోయిన మనుషులు. వాళ్లు అడిగింది ఒక్కటే మాట.

"మా ఊరి తుపాను షెల్టరుకి పిల్లర్లు సేసి పంపినోలు ఎవులు బాబూ? ఆలతో మాటాడాల. అంతే."

సూపర్‌వైజర్ పరశురాం రేకుల ఆఫీసులోంచి బయటికొచ్చాడు. "ఏ ఊరో ఏందో నాకేం ఎర్క. గిక్కడ మాట్లాడేటోళ్లు ఎవ్వలు లేరు. పోండ్రి."

ఆమె తన ఫోన్ తెరిచి అతని మొహం ముందు పెట్టింది. పరశురాం చూశాడు. చూసిన మనిషి రెప్పపాటు ఆగాడు. తర్వాత ఆ చేతిని ఒక్క తోపు తోశాడు. ఫోన్ ఎగిరి గేటు లోపల కంకర కుప్ప పక్కన పడింది. "మల్ల గీ దిక్కు కనవడితే కాళ్లిరుగుతయ్" అని వాచ్‌మన్‌కి సైగ చేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఇక్బాల్ బీ వంగి ఫోన్ తీసింది. తిరిగి ఇద్దామనే తీసింది. అద్దం పగిలింది గానీ బొమ్మ పోలేదు. కూలిపోయిన మెట్లు, వాటి కింద నడుం విరిగిన స్తంభం, స్తంభం మీద ఎర్ర రంగుతో నూట పదిహేడు అని అంకె. ఆ అంకెలో ఏడుకు నడుం దగ్గర అడ్డంగా ఒక గీత ఉంది.

ఏడును అలా రాసే మనిషి ఆ యార్డులో ఒక్కతే. బడికి పోని ఇక్బాల్ బీకి అంకెలు నేర్పింది చచ్చిపోయిన ఆమె భర్త. రాళ్లు కొట్టే మనిషి, రాళ్ల మీద నంబర్లు వేసే మనిషి. ఒకటనీ ఏడనీ జనం పొరబడకుండా ఏడుకు నడికట్టు కట్టమని ఆయనే చెప్పాడు.

ఆమె వాల్వు మూసి, కొంగు తల మీదికి లాక్కుని, గేటు దాటింది. "ఏ బీ, పని ఇడిచి యాడికి?" అని వాచ్‌మన్ అరిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

*

కట్టంగూర్ దాటి కొంత దూరం పోతే హైవే పక్కన ఆ యార్డు ఉంటుంది. ఇరవై ఎకరాల చవుడు నేల, పట్టాల మీద నడిచే పెద్ద క్రేను, వరసగా ఇనుప అచ్చులు. ఆ అచ్చుల్లో పోసిన స్తంభాలూ దూలాలూ ట్రెయిలర్లెక్కి సముద్రం ఒడ్డుకు పోతాయి. సముద్రం వేడెక్కిందనీ, తుఫాన్లు మునుపటికంటే ఎక్కువగా, గట్టిగా వస్తున్నాయనీ, ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ ఒక షెల్టరు కావాలనీ సర్కార్లు అనుకున్నాయి. అనుకున్నది మంచి మాటే. ఆ మాట కాగితం మీదికి ఎక్కిన నాడే కంట్రాక్టర్లు వాలారు. తుఫాను పుట్టకముందే తుఫాను మీద బతికేవాళ్లు పుట్టారు.

ఈ యార్డు కంట్రాక్టర్ పేరు పద్మాకర్ రావు. నల్లగొండ మనిషే.

హైవే మీద చాయ్ హోటల్ బెంచీ దగ్గర ఇక్బాల్ బీ వాళ్లను కలుసుకుంది. ఫోన్ ఇచ్చింది. ఆమె పేరు నూకమ్మ. ఉత్తరాన ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో చేపలు పట్టుకు బతికే ఊరు. స్తంభం అడుగున యార్డు ముద్ర చూసి, రెండు రాత్రులు, ఒక పగలు ప్రయాణం చేసి వచ్చారు.

"నిరుడు కార్తీకంలో గాలొచ్చినాది" అని నూకమ్మ చెప్పింది. గొంతు పెంచలేదు. "అందరూ కొత్త షెల్టరుకి ఎల్లిపోండని మైకులో సెప్పినారు. మంచే సెప్పినారు. మేం ఇన్నాం. ఇళ్లొదిలీసినాం, వలలొదిలీసినాం, మేకల్నొదిలీసినాం. మా సెల్లి రానన్నాది. నా కొంపలోనే ఉంటానప్పా అన్నాది. నానే సెయ్యట్టుకుని లాక్కెల్లినాను."

చాయ్ వచ్చింది. ఆమె ముట్టలేదు.

"ముందు వరండా పిల్లరు పేడముద్దలాగ కూలిపోనాది. మెట్లన్నీ దాని మీదే ఉన్నాయి. అయిదుగురు. మా సెల్లి, దాని కూతురు, ఇంకో ముగ్గురు. గాలికి పోనారని రాసుకున్నారు పెద్దోలు. మా సెల్లి కొంప తాటాకు కొంప. పొద్దున్నెల్లి సూస్తే అది నిలబడే ఉన్నాది."

ఇక్బాల్ బీ చాయ్ గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్లిపోవచ్చు. ఫోన్ ఇచ్చేసింది, పని అయిపోయింది. కానీ కాళ్లు కదలలేదు.

"గా నంబరు నేనే ఏసిన" అంది.

నూకమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరి అది పచ్చిదని పంపేటప్పుడు నీకు తెలవదా?"

"తెలుసు."

నిరుటి వేసవి ఆమె కళ్లముందుకొచ్చింది. స్తంభం అచ్చులోంచి తీసినాక గోనెపట్టలు చుట్టి పది రోజులు ఆరనివ్వకుండా తడపాలి. అది ఆమె పని. ఆమెది, సాలమ్మది, ఇంకో నలుగురు ఆడవాళ్లది. మే నెలలో పొద్దున తొమ్మిదింటికే చెయ్యి పెడితే ఇనుము కాలేది. బోర్లు ఎండిపోతే యార్డుకు ట్యాంకర్లు వచ్చేవి. కొన్నాళ్లకు వచ్చిన ట్యాంకర్లు గేటు దగ్గరే మళ్లి చౌటుప్పల్ దిక్కు, కొత్త ప్లాట్ల వెంచర్లకు పోవడం మొదలైంది. స్తంభాలకు నీళ్లు రెండు రోజులు కూడా అందలేదు. గోనెపట్టలు ఎండి పెళుసుబారాయి. ఆమె వెళ్లి పరశురాంకు చెప్పింది. అతను నవ్వి, "సముద్రం పక్కకు పోయేటియే గద బీ, ఆడ నీళ్లకేం కొదువ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

"నేను గుడ నవ్విన" అని ఆమె నూకమ్మకు చెప్పింది.

నూకమ్మ పగిలిన ఫోన్‌ని కొంగున ముడేసుకుంది. హైవే మీద లారీలు పోతున్నాయి. తర్వాత అంది: "నీ నవ్వుతోటీ నాకు పని లేదు, నీ ఏడుపుతోటీ నాకు పని లేదు. అలాటివి ఇంకెన్నున్నాయి?"

"నిరుడు మిగిలినయి, మొన్న పోసినయి కలిపి అరవై నాలుగు."

"ఎక్కడికెల్తాయి?"

"మీ దిక్కే. మంగళవారం ట్రెయిలర్లొస్తయ్."

ఆ రోజు ముగ్గురినీ ఇక్బాల్ బీ తన ఇంటికే తీసుకుపోయింది. ఆమె కూతురు జేబా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. తల్లి మొహం చూసి ఊరుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాలప్పుడు ఖాళీ అచ్చుల నీడన నలభై మంది పోగయ్యారు. పిలిచింది సైదులు. అతను ఇనుప సలాకలు వంచేవాడు. మొదట చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ సంఘం పెట్టినందుకు గేటు బయట పడ్డాడు. ఇక్బాల్ బీ ముందుగా వచ్చి చెప్పింది అతనికే.

నీళ్ల తొట్ల వెనక కంచె సందులోంచి నూకమ్మను లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. ఆమె తన మాట మళ్లీ చెప్పింది. నిన్న చెప్పినట్టే, ఎక్కువా లేదు, తక్కువా లేదు. అన్నం ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి.

మొదట నోరు తెరిచింది సాలమ్మ. "పాపమే. కాదంటలేను. గని ఆంధ్రోళ్ల సముద్రం మనకెందుకే? మన నీళ్లు వాళ్లు మలుపుకపోయినన్ని దినాలు మన బొక్కలు వంకరవోయినయ్. ఎవ్వలన్న వచ్చి అడిగిండ్రా?"

కొందరు తలలూపారు. ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు వంగిన వాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు.

"మన నీళ్లు తిన్నది గీ చాపలు పట్టేటామెనా?" సైదులు అడిగాడు. "సాలక్కా, మన రాష్ట్రం మనకొస్తే మన కంట్రాక్టర్లు మనల్ని మంచిగ చూస్తరనుకున్నం. వచ్చిండు. మన జిల్లా మనిషే. నిరుడు మనం మోరీల నీళ్లు వడగట్టుకొని తాగుతాంటే ట్యాంకర్లు ఎవడమ్ముకున్నడు? శ్రీకాకుళం ఆయన వచ్చి అమ్ముకున్నడా?"

"అమ్ముకున్నడు, నిజమే. ఏం చేస్తవ్?"

ఆ మాట అన్నది ఇస్రాయేలు. కాంక్రీటు కలిపే మిషను మీద పన్నెండేళ్లుగా ఉన్నవాడు. మనిషి పొడుగరి, మాట తక్కువ. "సిమెంటు తక్కువెయ్యమంటే తక్కువేసిన. బూడిద కలపమంటే కలిపిన. ఎయ్యనంటే రేపు నా జాగాల ఇంకొకడుంటడు. నా బిడ్డలిద్దరు నర్సింగ్ చదువుతున్నరు. వాళ్లను యాడికి పంపాలె? సంఘం మాటలు చెప్పుడు అల్కనే సైదులూ, బతుకుడే కష్టం."

"అల్కన కాదు. చౌటుప్పల్‌ల నేను పడ్డది నీకెర్కే గద."

"పడ్డవ్. నీతోని పడ్డోళ్లు పదకొండు మంది. వాళ్లిండ్లల్ల పొయ్యి ఎట్ల అంటుకుందో నాకెర్క."

సైదులుకు కోపమొచ్చింది గానీ దాన్ని మింగాడు. ఇస్రాయేలు చెప్పింది అబద్ధం కాదు.

అప్పుడు మల్లిక లేచింది. నల్లగొండలో డిప్లొమా చదివి యార్డు ల్యాబులో పని చేసే పిల్ల. ఇంతవరకూ మేనేజ్‌మెంటు మనిషనే అందరూ అనుకున్నారు. అన్నం కూడా ఆఫీసులోనే తినేది. ఇవాళ మొదటిసారి ఇక్కడికొచ్చింది.

"ఒక మాట చెప్పాలె" అంది. "స్తంభం గట్టిగుందా లేదా అని సర్కారుకు చూపియ్యనీకి అదే మాలుతోటి చిన్న దిమ్మెలు పోయాలె. వాటిని మిషన్ల పెట్టి పగలగొట్టి కాగితం రాయాలె. అది నా పని. గని నేను పగలగొట్టేటియి మీరు కలిపిన మాలుతోటి పోసినయి కావు. సార్ వాళ్లు దిమ్మెల కోసం వేరేగ కలిపిస్తరు. సిమెంటు నిండుగ ఏసి, నీళ్ల తొట్టిల పడుకోబెట్టి మంచిగ సాదుతరు. అవి గట్టిగనే ఉంటయ్. పాస్ అని నేను సంతకం పెడ్త."

"నూట పదిహేడుకు గుడ పెట్టినవా?" ఇక్బాల్ బీ అడిగింది.

"పెట్టిన పెద్దమ్మా."

ఎండలో క్రేను పట్టాలు మెరుస్తున్నాయి. మార్చి నెలకే ఆకాశం తెల్లగా కాగిపోయింది.

"గీ ఎండ ఏటేటా ఎట్ల పెరుగుతాందో చూస్తున్నరు గద" మల్లిక మళ్లీ అంది. "ఇదే వేడి సముద్రానికి పడ్తాంది. ఆడ తుఫాను బలుస్తది. ఈడ స్తంభంల నీళ్లు ఆవిరైతయ్. తుఫాను బలిసినన్ని దినాలు మనం స్తంభాన్ని పల్చగ చేస్తున్నం."

సాలమ్మ అన్నం గిన్నె పక్కన పెట్టి నూకమ్మ దగ్గరికి జరిగింది. "గా తాటాకుల ఇల్లు నిజంగ నిలవడ్డదా?"

"నిలబడే ఉన్నాది తల్లీ. దీపం బుడ్డి కూడా కింద పడనేదు."

సాలమ్మ నేల వంక చూస్తూ కూర్చుంది. ఆమె కూడా ఆ స్తంభానికి గోనెపట్ట చుట్టిన మనిషే. "నేనైతే గా అరవై నాలుగుల ఒక్కదాన్ని ఎక్కనియ్య" అంది. ఎవరికీ చెప్పినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది. కానీ అందరికీ వినపడింది.

అక్కడి నుంచి మాటలు వేగం పుంజుకున్నాయి. పత్రికలకు చెబుదామన్నారు ఒకరు. కలెక్టరుకు కాగితం పెడదామన్నారు ఇంకొకరు. కాగితం పెడదాం, కానీ కాగితం తిరిగొచ్చేలోపు ట్రెయిలర్లు సముద్రం చేరుతాయన్నాడు సైదులు. చివరికి ఒక మాట మీద నిలిచారు. మంగళవారం ఎవరూ లోడు ఎత్తరు. అందరి ముందూ ఒక స్తంభాన్ని పగలగొట్టి చూపించాలి. నిలిస్తే తామే ఎక్కిస్తారు. నిలవకపోతే ఒక్కటి కూడా గేటు దాటదు.

చేతులెత్తమంటే ముప్పై ఆరు చేతులు లేచాయి. ఇస్రాయేలు చెయ్యి లేవలేదు. "మీ దారికి అడ్డం రాను. ముందటికి గుడ రాను" అని లేచి వెళ్లిపోయాడు.

*

మంగళవారం పొద్దున ఎనిమిది ట్రెయిలర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. క్రేను నడిపేవాడు కిందనే కూర్చున్నాడు. గొలుసులు నేల మీదే ఉన్నాయి. ఆడవాళ్లు స్తంభాల మీద కూర్చున్నారు, మగవాళ్లు ట్రెయిలర్ల ముందు. పరశురాం ఒక్కొక్కరి దగ్గరికీ పోయి బతిమాలాడు, బెదిరించాడు, మళ్లీ బతిమాలాడు. "నా కొలువు పోతది. నేను మీ ఊరోన్నే గద" అన్నాడు. "ఊరోనివే. ట్యాంకర్లు మలిపిననాడు గుడ ఊరోనివే" అంది సాలమ్మ.

పదింటికి పద్మాకర్ రావు కారు వచ్చింది. తెల్ల చొక్కా, మెత్తటి మాట. నూకమ్మను చూసీ చూడనట్టు ఊరుకుని నేరుగా ఇక్బాల్ బీ ముందుకొచ్చాడు. ఎవరు మొదలుపెట్టారో పరశురాం అప్పటికే చెవిలో వేశాడు.

"ఇక్బాల్ బీ అంటే నువ్వేనా అమ్మా? సముద్రం ఎప్పుడన్న చూసినవా?"

"చూడలే సారూ."

"తుఫాను?"

"చూడలే."

"మరి చూడని దాని గురించి నీకెందుకు ఫికరు? పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసిండ్రు. కాగితాలున్నయి. పాస్ అయిన మాల్ ఇది."

"సముద్రాన్ని చూడలే. స్తంభాన్ని చూసిన. దీనికి నీళ్లు పట్టలే."

అతని మొహంలో మెత్తదనం అక్కడితో పోయింది. "ఇది సర్కారు సొత్తు. దీని మీద కూసున్నా నేరమే. గంటల లెవ్వకపోతే ఒక్కొక్కనికి ఎన్ని కేసులు పడ్తయో నాకే తెల్వది."

"గట్టి సొత్తయితే భయమెందుకు సారూ?" సైదులు ముందుకొచ్చాడు. "ఒక్కదాన్ని కొట్టి చూద్దం. నువ్వే ఏరుకో, ఏది కొట్టాల్నో."

"చెయ్యేస్తే జైలే. ఎవడేస్తడో ముందటికి రమ్మను."

జనంలో కదలిక ఆగిపోయింది. జైలు అనే మాట గాలిలో నిలబడింది. సైదులు సమ్మెట కోసం అటూ ఇటూ చూశాడు. అంతలో మిషను షెడ్డు దిక్కు నుంచి ఇస్రాయేలు నడిచి వచ్చాడు. భుజాన సమ్మెట ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. వరసలో చివరి స్తంభం దగ్గర నిలబడి, "లేవక్కా" అని దాని మీద కూర్చున్న సాలమ్మతో అన్నాడు. ఆమె లేచింది.

మొదటి దెబ్బకు దుమ్ము లేచింది. రెండో దెబ్బకు అంచు పగిలింది. మంచి కాంక్రీటు మీద సమ్మెట పడితే ఎగిరి చేతుల్లోకి తిరిగొస్తుంది, ఆ మోత వేరు. ఇక్కడ సమ్మెట దిగబడుతోంది. ఆరో దెబ్బకు మూల మొత్తం ఊడి కింద పడింది. ఇస్రాయేలు సమ్మెట పక్కన పెట్టి, పగిలిన చోట వేళ్లు పెట్టి గీకాడు. కంకర రాయి రాయిగా రాలింది, ఇసుక జారిపోయింది. లోపల సలాకలు బయటపడ్డాయి. వాటిని చుట్టి ఉండాల్సిన ఇనుప రింగులు ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి కనిపించాయి.

"నేనే కలిపిన దీన్ని" అన్నాడు ఇస్రాయేలు. అరవలేదు. కానీ అక్కడున్న ప్రతి మనిషికీ వినపడింది. "బూడిద నేనే కలిపిన."

సైదులు రింగు మీద చెయ్యి వేశాడు. "జానెడుకొక రింగని కాగితంల ఉంది. మూరెడుకొకటి చాలన్నరు. వంచినోన్ని నేనే."

"పాస్ అని రాసింది నేను" అంది మల్లిక. ఆమె ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంది, ఇదంతా అందులోకి ఎక్కుతోంది.

"నీళ్లు పట్టకుంట పట్టినట్టు తలూపిన" అంది సాలమ్మ.

నూకమ్మ ఆ రాలిన ఇసుకను పిడికిట్లోకి తీసుకుంది. తీసుకెళ్లి పద్మాకర్ రావు ముందు చెయ్యి తెరిచింది. "దీని కిందేనా బాబూ మమ్మల్ని దాంకోమన్నారు?"

అతను రెండడుగులు వెనక్కి వేసి ఫోన్ తీశాడు.

ఇక్బాల్ బీ తన అరచేతుల్ని చూసుకుంది. ఇన్నేళ్లు తన చేతులతో తను చేసిన పనిని ఎవడో ఇలా కుళ్లబెట్టి, తన చేతే నంబరు వేయించి పంపాడు. చంపింది వాడు, కానీ చంపడానికి వాడుకున్నది తన చేతుల్ని. అది ఆమెకు ఇప్పుడు సమ్మెట దెబ్బంత స్పష్టంగా అర్థమైంది.

*

బుధవారం పొద్దున రెండు పోలీసు జీపులు వచ్చాయి. వాటి వెనక ఒక డీసీఎం లారీ వచ్చింది. అందులోంచి పాతిక మంది దిగారు, ఎక్కువమంది కుర్రాళ్లు. ఒడిశా నుంచి తెచ్చిన లోడింగు కూలీలు. ఇక్కడేం జరుగుతోందో వాళ్లకు చెప్పలేదు. పోలీసులు కర్రలతో రెండు వరసలు కట్టి జనాన్ని పక్కకు నెట్టారు. ఒక కర్ర సైదులు నుదుటి మీద పడింది, రక్తం కంటిలోకి కారింది. ఆడవాళ్లను జుట్టు పట్టి స్తంభాల మీద నుంచి దించారు.

ఒడిశా కూలీలు గొలుసులు తీసి మొదటి స్తంభానికి చుట్టడం మొదలుపెట్టారు. కన్నీళ్లు తన్నుకొచ్చాయి ఇక్బాల్ బీకి. నలభై మంది ఒక పగలూ ఒక రాత్రీ ఆపిపెట్టింది పాతిక మంది గంటలో ఎత్తేస్తారు. కడుపు కాలినవాడి మీదికి కడుపు కాలినవాణ్నే తోలుతారు. తప్పు ఆ పిల్లలదని కూడా అనలేం.

అప్పుడు నూకమ్మ పోలీసు వరస సందులోంచి దూరి వాళ్ల మధ్యకు పోయింది. ఆమె ఊరు సరిహద్దులో ఉంది, ఒడియా ఆమెకు అంగడి భాష. మాట్లాడింది. ఇక్బాల్ బీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నూకమ్మ చెయ్యి ముందు సముద్రం దిక్కు పోయింది, తర్వాత మెట్లు కూలినట్టు కిందికి దిగింది, తర్వాత అయిదు వేళ్లు చూపింది. తర్వాత ఆమె ఒక ముసలి కూలీ చెయ్యి పట్టుకుని పగలగొట్టిన స్తంభం దగ్గరికి తీసుకుపోయింది.

ఆ ముసలాయన వంగి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. ఇసుక రాలింది. అతను నూకమ్మను ఏదో అడిగాడు. ఆమె ఊరి పేరు చెప్పింది. అతను తన ఊరి పేరు చెప్పాడు. తర్వాత వెనక్కి తిరిగి తన వాళ్లతో రెండే మాటలన్నాడు. గొలుసులు ఒకటొకటిగా నేల మీద పడ్డాయి.

వాళ్లను తెచ్చిన మేస్త్రి కేకలు పెట్టాడు. తిండి పెట్టనన్నాడు, ఊరికి పంపనన్నాడు. పాతిక మంది వచ్చి నలభై మంది పక్కన, ఎండలో, కంకర మీద కూర్చున్నారు. సాలమ్మ తన నీళ్ల సీసా ముసలాయనకు ఇచ్చింది.

ఎస్సై టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. పద్మాకర్ రావు అతని చెవిలో ఏదో అన్నాడు. ఆ తర్వాత అయిదు పేర్లు పిలిచారు. ఇక్బాల్ బీ, సైదులు, ఇస్రాయేలు, మల్లిక, సాలమ్మ. సర్కారు సొత్తు ధ్వంసం, పనికి ఆటంకం, ఇంకా ఏవేవో. జేబా జీపుకు అడ్డం పడితే ఇక్బాల్ బీ ఆమెను పక్కకు లాగి, "నువ్వు నూకమ్మతోని ఉండు" అంది. అంతే చెప్పింది.

*

స్టేషన్‌లో సాయంత్రం దాకా బెంచీల మీద కూర్చోబెట్టారు. సైదులు నుదుటికి సాలమ్మ తన కొంగు చింపి కట్టింది. అయిదింటికి నల్లకోటు వేసుకున్న లాయరు ఒకతను వచ్చాడు. పద్మాకర్ రావు పంపాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"మీరు అదృష్టవంతులు" అన్నాడు. "సార్ కేసు వాపసు తీసుకుంటడు. మూడేండ్ల సంది మీరడుగుతున్న కూలి పెంచుతడు. షెడ్లకు కొత్త రేకులేయిస్తడు. ఎవ్వల పని పోదు. దీని మీద సంతకం పెడ్తే చాలు, ఇప్పుడే ఇంటికి పోవచ్చు."

ఇక్బాల్ బీ కాగితాన్ని మల్లిక చేతికిచ్చింది. "పెద్దగ చదువు బిడ్డా. అందరికి వినవడాలె."

మల్లిక చదివింది. "కూలి విషయమై తగాదా వచ్చి, ఆవేశంలో మంచి స్తంభమును పగులగొట్టితిమి. స్తంభములలో ఎట్టి లోపమూ లేదని ఒప్పుకొనుచున్నాము."

మూడేళ్లుగా ఆ కూలి కోసం వాళ్లు ఎన్నిసార్లు ఆఫీసు రేకుల గది ముందు నిలబడి తిట్లు తిని వచ్చారో అందరికీ గుర్తుంది. ఇక్బాల్ బీ ఇస్రాయేలు వంక చూసింది. అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది అతనే. అతను సంతకం పెడితే తప్పు పట్టే నోరు తనకు లేదనుకుంది.

ఇస్రాయేలు కాగితం తీసుకున్నాడు. చదవడం అతనికి వచ్చు. రెండుసార్లు చదివాడు.

"'మంచి స్తంభం' అని రాసిండ్రు" అన్నాడు. "నా బిడ్డలు రేపు దవాఖాన్ల పని చేస్తరు. చచ్చిన మనిషిని బతికున్నడని రాయమంటే రాస్తరా? నేను రాయ." కాగితం లాయరు ఒళ్లో పెట్టాడు. "కూలి మేం కొట్లాడి తీసుకుంటం. అది వేరే లెక్క. దీంతోని ముడెయ్యకు."

లాయరుకు చిరాకేసింది. "ఎవరి కోసమయ్యా ఇదంత? గా సముద్రపోళ్లు మీకేమైతరు? చుట్టాలా, కులపోళ్లా?"

జవాబు ఇక్బాల్ బీ చెప్పింది.

"మేం కట్టిన ఇంట్ల తలదాసుకున్నోళ్లు."

లాయరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు అయిదుగురినీ కోర్టుకు తీసుకుపోయి, అక్కడి నుంచి జైలుకు పంపారు. వ్యాను హైవే మీద యార్డు పక్క నుంచే పోయింది. జాలీ సందులోంచి ఇక్బాల్ బీ చూసింది. ట్రెయిలర్లు ఎనిమిదీ ఖాళీగా నిలబడి ఉన్నాయి. వాటి ముందు జనం నిన్నటికంటే ఎక్కువగా ఉన్నారు. దేవరకొండ దిక్కు తండాల నుంచి వచ్చిన రాళ్ల కూలీలు, ఒడిశా కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు. జేబా ఒక ట్రెయిలరు ఇంజను మీద నిలబడి ఏదో చెబుతోంది. ఆ పిల్లకు అంత గొంతుందని తల్లికి ఆనాటి దాకా తెలియదు.

వారం తర్వాత జేబా ములాఖత్‌కు వచ్చింది. మాటలు కుప్పపోసింది. మల్లిక తీసిన వీడియో ఊరూరా తిరిగిందట. సముద్రం ఒడ్డున తొమ్మిది ఊళ్లవాళ్లు తమ షెల్టర్ల స్తంభాలను సుత్తులతో కొట్టి చూసుకుంటున్నారట. ఒక అధికారి వచ్చి అరవై నాలుగు స్తంభాలకూ సీలు వేసి పోయాడట. పరశురాం ఊళ్లో కనబడడం లేదట.

"మరి కంట్రాక్టరు?" అంది ఇక్బాల్ బీ.

"వాడు ఊకుంటడా అమ్మీ? అచ్చులన్ని పీకి చౌటుప్పల్‌ల వానిదే ఇంకో యార్డుకు తోలిచ్చిండు. ఆడ పోపిస్తుండు."

ఇక్బాల్ బీ ఇనుప జాలీని పట్టుకుంది. ఇంత చేసినా వాడు ఇంకో చోట అవే అచ్చుల్లో అదే బూడిద పోయిస్తున్నాడు. ఆమె కోపంతో ఏదో అనబోయింది.

"ఆగు, నన్ను చెప్పనీ" అంది జేబా. "నేను, నూకమ్మ మౌసీ మొన్న ఆడికి పోయినం. నీళ్లు పట్టే ఆడోళ్లు పన్నెండు మందున్నరు. వాళ్లతోని కూసొని అన్నం తిన్నం, అంత చెప్పినం. నిన్న పొద్దున వాళ్లు వాల్వులన్ని మూసిండ్రు. సూపర్‌వైజరు ఉరికొచ్చి ఏంది లొల్లి అన్నడట."

"ఏమన్నరట?"

"అందరు లేచి నిలవడి, ముందుగాల ఒకటి పగలగొట్టి చూపియ్యి అన్నరట."